నాటినోడే పీకాల

ఆ పుల్లను ముట్టద్దమ్మా! ఆ, అదే, కొనకు రాగిగడ్డి కట్టిండేది. ఫోటోకు అడ్డమొస్తే నువ్వే రవ్వంత పక్కకు జరుగు, పుల్లను మాత్రం ఆడనే ఉండనీ. కోపం కాదు తల్లీ, మా దిక్కు ఒక కట్టడి ఉండాది, నాటినోడే పీకాల అని. ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. రా, ఈ కానగ చెట్టు కిందికి రా, మొకం చూడు ఎట్ల కందిపోయిందో. పేరేమన్నావు? వినుతా. బాగుంది. కాలేజీ పిల్లల్ని ఊరూరికీ పంపించి ఏ చేన్లో ఏముండాదో ఫోన్లో ఎక్కిస్తా ఉండారని మా మురళి చెప్పినాడులే. మురళి అంటే నా కొడుకు. ఇంత ఎండలో గొడుగన్నా ఇచ్చి పంపకూడదా మీ వాళ్ళు? సరే, ఏమి రాసుకున్నావు ఈ చేనుకు? రెండెకరాలు, ఖాళీ. మంచిది, ఖాళీనే. ఇంకేం కావాల? ఓ, ఎందుకు ఖాళీ అని కూడా అడుగుతుందా ఆ ఫోను? దానికి అంత అక్కర ఉండాదా! ఎందుకని నన్ను అడిగి ఎన్నేండ్లయిందో. అడుగు అడుగు. ఏమేమి కారణాలు ఉండాయో చదువు చూద్దాం.

నీళ్ళు లేవు. అది రాయొద్దు, అబద్ధమవుతుంది. అదో, ఆ గుడిసె పక్కన బోరు, మా పక్క చేను బీన్సంతా దాని మీదనే పారతా ఉండాది. తరువాత? కూలోళ్ళు దొరకలేదు. అది సగం నిజం. పొద్దున ఆరుకల్లా కంపెనీ బస్సు వచ్చి, ఊర్లో కాళ్ళూ చేతులూ బాగుండేవాళ్ళనంతా ఎక్కించుకొని హోసూరికి పోతుంది, నా మాదిరి మోకాళ్ళు అరిగినోళ్ళం మిగులుతాము. అయినా మురళి మిషన్ పిలుస్తాడు, పని ఆగదు. తరువాత? అడవి జంతువులు. ఆ, అది డెంకణికోట అవతల అడివంచు ఊర్లకు రాసుకో. ఆడ రాగి కంకి పాలు పట్టిందంటే రైతుకంటే ముందు ఏనుక్కు తెలుస్తుంది. ఒక పంట కాపాడేదానికే మంచె మీద ప్రాణాలు పట్టుకొని కూర్చోవాల, ఇంక రెండో పంట ఎవురు పెడతారు? మా ఊరి దాకా ఏనుగు రాదు. కావేరిపట్టణం పోయినావంటే ఇంకో లోకం. మా చెల్లెల్ని ఆ ఊరికిచ్చినాము. పెన్నేటి పక్కన మడి, పొద్దున కోత కోస్తే సాయంత్రానికి మడకనో ట్రాక్టరో దిగిపోతుంది. ఇట్ల ఉత్తరానికి జూజువాడి దిక్కు పోతే, చెక్‌పోస్టు దాటితే బెంగుళూరే గదా, కొత్తిమీర నెలలోపల కట్ట కట్టేస్తారు, లారీ ఎక్కించేస్తారు, మళ్ళీ చల్లేస్తారు. ఒకే కయ్యలో ఏడాదికి ఐదారు పంటలు! ఆడ భూమికి కునుకన్నది లేదు. అంతా ఒకే మట్టి కాదు, ఒకే నీళ్ళు కాదు, ఒకే సంత కాదు. మీ పుస్తకాల్లో ఇదంతా ఉంటాదిలే. నా చేనుకు మాత్రం నువ్వు చదివినవి ఏవీ కావు. ఇంకేముండాది? వేరే కారణం. ఆ, అది పట్టు. దాంట్లో ఏమైనా రాయొచ్చా? కొండప్ప అని రాయి.

నవ్వుతా ఉండావు. కొండప్ప అంటే పురుగు పేరు కాదు, తెగులు పేరు కాదు, మనిషి పేరు. గొర్రెలాయన. నాకంటే ఆరేండ్లు పెద్ద, నేను కొండన్నా అని పిలిచేవాణ్ణి. వానకాలమంతా అడివి పక్క ఊర్లో ఉండేవాడు. మా ఊర్లో రాగులు కోసి, కుప్ప వేసి, కళ్ళం అయిపోయినాక, శివరాత్రికి అటో ఇటో, మంద తోలుకొని వచ్చేవాడు. మంద అంటే ఏదో పదీ ఇరవై కాదు, అదో ఆ మిట్ట ఉండాది గదా, రెండు బండల నడుమ దావ, ఆ దావలో దిగుతా ఉంటే మిట్టకే కాళ్ళొచ్చి నడిచినట్ల ఉండేది. ఆయన వచ్చి ఎవురినీ అడిగే పని లేదు. చేను ఖాళీ అయినోడు మూలన ఒక పుల్ల నాటి, కొనకు ఇంత రాగిగడ్డి కట్టి పెట్టేవాడు. గడ్డి పుల్ల కనపడిందంటే 'అప్పా, మా చేను నీదే, దిగు' అని అర్థం. ఆయన మిట్ట మీద నిలబడి, చెయ్యి కంటికి అడ్డం పెట్టుకొని, ఒకటి రెండు మూడు అని పుల్లలు లెక్కపెట్టేవాడు. ఒక్కొక్క చేన్లో నాలుగు దినాలు తడికలు కట్టి మంద నిలిపేవాడు. పోయేటప్పటికి చేనంతా ఎరువు, అంత పెంట ఎద్దులబండ్లతో తోలితే నెల పడుతుంది. మంద కదిలిపోయినాకనే ఆ పుల్ల పీకేది. అదీ నాటినోడే పీకాల. పెండ్లాం పీకకూడదు, బిడ్డ పీకకూడదు. ఎందుకంటావా? పుల్ల అంటే మాట. ఒకడిచ్చిన మాట ఇంకొకడు ఎట్ల వెనక్కి తీసుకుంటాడమ్మా?

కొండన్న కతలు చెప్పినాడంటే... ఇదే చెట్టు కింద, అప్పుడు ఇది ఇంత మాను కాదు, రాగిముద్ద ఉలవచారులో అద్దుకుంటా, కత చెప్తా ఉంటే మా చిన్నమ్మ, నా ఇంటిది, చెంబు చేతిలో పట్టుకొని పోసేది మరిచిపోయి నిలబడుకొనేది. ఒకటి చెప్తా విను, ముందు నీళ్ళు తాగు. భూమి పుట్టినప్పుడు దేవుడు పన్నెండు నెలలు మూట కట్టి భూమి ముందర పెట్టి, అందరికీ పంచమన్నాడంట. వాన వచ్చి నాలుగు నెలలు ఎత్తుకునింది. మనిషి వచ్చి, విత్తేదానికీ కోసేదానికీ అని వాన నెలల్లోనే సగం పంచుకొని, పైన ఇంకో మూడు పట్టుకున్నాడు. మంచు రెండు తీసుకునింది. అందరూ పోయినాక గొర్రె కుంటుకుంటా వచ్చింది. 'ఎవురికీ వద్దన్న నెలలు ఉంటే ఇయ్యమ్మా' అనింది. మిగిలింది ఎండనెలలే. 'వీటిల్లో ఏమీ మొలవదే, ఏం చేసుకుంటావు?' అంటే, 'మిగిలిన మోళ్ళు తింటాము, పడుకుంటాము' అనింది. 'మరి నాకేమిస్తావు?' అంటే, 'పడుకునే ఇస్తాను' అనిందంట! ఈడికొచ్చేసరికి కొండన్న పకపకా నవ్వేవాడు. 'సూసినావా ఎంకట్రామప్పా, లోకంలో పడుకొని సంపాయించేది గొర్రె ఒక్కటే, నువ్వూ నేనూ పడుకుంటే పస్తే' అనేవాడు. ఒకతూరి నేనడిగినాను, కొండన్నా, మనిషి వచ్చి ఆ ఎండనెలలు కూడా నాకే కావాలంటే గొర్రె యాడికి పోతుంది అని. ఆయన నవ్వలేదు. 'ఆ కత మా నాయన నాకు చెప్పలేదప్పా' అన్నాడు.

బోర్లు వచ్చినాయి. మొదట ఒకటి పడింది, నీళ్ళు ఇంత లావు ఎగిరినాయి, ఊరంతా పోయి చూసినాము. ఆ ఏడాది మిట్ట మీద నుంచి కొండన్న లెక్కపెడితే పదకొండు పుల్లల్లో ఒకటి తగ్గింది. మరుసటేటికి ఏడే. రాగి అయినాక టమాటా, టమాటా అయినాక బీన్సు, మళ్ళా రాగి. తప్పని నేను అనలేదు తల్లీ. ఒక్క పంట మీద బిడ్డల్ని చదివించేది ఎట్లయితుంది? నాలుగు పుల్లలైనాయి. ఆ మీద నాదొక్కటే. నాలుగు దినాలు నిలిచే మంద నా చేన్లో పదైదు దినాలు నిలిచేది, పోయేదానికి ఇంకో చేను లేదు గదా. అప్పుడు కావేరిపట్టణం నుంచి మా బావ రామకృష్ణప్ప వచ్చినాడు, చెల్లెలి మొగుడు. గట్టు మీద నిలబడి, పంచె ఎగ్గట్టి, 'ఏం బావా, నీ భూమి ఏమి బాలింతనా, మూడు నెలలు మంచం దిగకుండా పడుకొని ఉండేదానికి? మా ఊర్లో దానికి ఒళ్ళు విరుచుకునే సందు ఇయ్యము' అని ఎగతాళి చేసినాడు. పక్కనోళ్ళు నవ్వినారు. నాకు లోపల ఎక్కడో తగిలింది. బోరు వేసినాను. పడింది. రాగి కోసిన పది దినాలకే కోసు నారు, అదే, క్యాబేజీ, నాటేసినాను.

ఇప్పుడు ఈడ ఒక సంగతుండాది. రాగి కోసిన పొద్దే, ఎప్పటి మాదిరి, పుల్ల నాటేసినాను. చెయ్యికి అలవాటు. నారు నాటేటప్పుడు పీకాల్సింది, పీకలేదు. ఎందుకు పీకలేదంటే, లెక్క వేసుకున్నాను. కోసు తొంభై దినాల పంట. శివరాత్రి లోపల కోసేస్తాను, కొండన్న వచ్చేటప్పటికి చేను ఖాళీ. నడుమ సందులో ఒక పంట దొంగతనంగా తీసుకుంటే ఎవురికి నష్టం? నాకు పంటా కావాల, కొండన్నా కావాల. కోసుకు పురుగు పడుతుంది, చూసింటావు గదా నువ్వు, మందు కొట్టకపోతే గడ్డ జల్లెడ అయిపోతుంది. కొట్టినాను. కోతకు ముందు కూడా కొట్టినాను, గడ్డ తెల్లగా ఉండాలని. కోసి, పై ఆకంతా చేన్లోనే పడేసి, గడ్డలు టెంపోకు ఎక్కించుకొని నేను హోసూరు మార్కెట్టుకు పోయినాను. ఆ పొద్దే వచ్చినాడు కొండన్న. మిట్ట మీద నిలబడి చూసింటాడు. పుల్ల ఉండాది. చేను నిండా మోకాలి కింద దాకా పచ్చ ఆకు. ఎండకాలంలో అంత పచ్చిమేత! మా ఎంకట్రామప్ప నా గొర్రెల కోసరం పరిచిపెట్టినాడు అనుకున్నాడంట. అట్లని నోరారా అన్నాడంట కూడా, వెనకాల వచ్చే పిల్లోడితో. మంద పరిగెత్తి దిగింది. మా చిన్నమ్మ ఇంటి దగ్గర నుంచి చూసి, కొంగు జారిపోతా ఉంటే పట్టుకోకుండా, 'కొండన్నా మందు, మందు కొట్టినారు, తోలెయ్ అన్నా' అని అరుచుకుంటా ఉరికింది. దూరం గదా. అప్పటికే తినేసినాయి. నేను సాయంత్రం టెంపో దిగేసరికి చేన్లో... నురగ కక్కుకుంటా... చిన్న చిన్న గొర్రెపిల్లలమ్మా, తల్లి పాలు తాగినవి కూడా. చిన్నమ్మ పీకడం మరిచిపోయింది ఆ పుల్లను. పొద్దున పోతా పోతా చెప్పే పోయినాను, ఆమె మరిచిపోయింది. ఊర్లో అందరికీ తెలుసు ఈ సంగతి.

ఏమి చూస్తా ఉండావు అట్ల?

ఇంటిది పీకకూడదని ఇప్పుడే నేనే చెప్పినానా నీకు. బలే పిల్లవే. చెవులు నిక్కబెట్టుకొని కూర్చున్నావు. ఇరవై ఏడేండ్లలో ఈ ఊర్లో ఒక్కరు అడగలేదు ఆ మాట. ఎందుకడుగుతారు, బోర్లొచ్చినాక పుల్ల కట్టడి ఎవురికి జ్ఞాపకం! నేను ఆ సాయంత్రం చేన్లో నిలబడి, కొండన్న మొకం చూడలేక, అందరి ముందర, 'పీకమని చిన్నమ్మకు చెప్పినా గదన్నా, మరిచిపోయింది ముండ' అన్నాను. అన్నాను. ఆ మాటా అన్నాను. ఉండే నిజం ఏమంటే, పొద్దున చిన్నమ్మే చెప్పింది నాకు. టెంపోవాడు హారన్ కొడతా ఉండాడు, నేను ఈ చెట్టు కిందనే తలగుడ్డ చుట్టుకుంటా ఉండాను, 'శివరాత్రి దగ్గరికొచ్చింది, ఆకంతా విషం, ఆ పుల్ల పీకేసి పో' అనింది. ఈడ నుంచి ఎన్ని అడుగులు? నలభై ఉంటాయా? సాయంత్రం వచ్చి పీకుతాలే అన్నాను. సరుకు దిగేసరికి ధర పడిపోతుందని నా తొందర. కాదు, అదీ కాదు. పీకితే కొండన్నను రావద్దని చెప్పినట్లే గదా. నా చెయ్యితో నేను రావద్దని చెప్పలేక, రేపు, ఎల్లుండి అని తోసుకుంటా పోయినాను. మంచోడుగా ఉండాలనుకున్నాను తల్లీ, అదే చంపింది ఆ గొర్రెలను. కొండన్న నా మాట విన్నాడు. తల తిప్పి చిన్నమ్మ మొకం చూసినాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని నేల చూస్తా ఉండాది. కట్టడి ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, నాకు తెలుసు. 'పుల్ల ఉండె గదప్పా' అన్నాడు, అంతే. మిగిలిన గొర్రెలను కూడగట్టుకొని, ఆ పుల్లకు తగలకుండా పక్కకు చుట్టి తోలుకొని మిట్టెక్కినాడు. తిరిగి చూడలేదు.

చిన్నమ్మ ఇంటికి పోయి వంట చేసింది. వడ్డించింది. ఆ పొద్దు మొదలు పోయేవరకు, పదునాలుగేండ్లు, ఒక్క పొద్దన్నా 'నా మీద ఎందుకు వేసినావు' అని అడగలేదు. ఊర్లో ఆడోళ్ళు, 'మతిమరుపు చిన్నమ్మ, గొర్రెలను మింగేసింది' అని నీళ్ళ కాడ ఆమె ముందరే అనేవాళ్ళు. ఉప్పు తెచ్చేది మరిచిపోయినా అదే మాట, దీపం పెట్టేది మరిచిపోయినా అదే మాట. కడాన ఆమెకు నిజంగానే మరుపొచ్చింది. ఏమనుకునిందో, 'నేను పీకాల్సింది ఆ పుల్ల, మరిచిపోయినా' అని ఆమే చెప్పేది వచ్చినోళ్ళకంతా. అది వినేదానికి నేను పక్కనే కూర్చొని ఉండాను చూడు... నీళ్ళు తాగినావా? ఆ చెంబు ఇట్లియ్యి.

కొండన్న ఊరికి ఒకతూరి పోయినాను. చెప్పేద్దామనే పోయినాను. మంద ఇంతే ఇంత, చిన్నది, తడిక మూలన ముడుచుకొని ఉండాది. చాప వేసినాడు, ముద్ద పెట్టినాడు, వాన గురించి మాట్లాడినాడు, మా మురళి చదువు అడిగినాడు. చిన్నమ్మ బాగుండాదా అని అడిగినాడు. ఆ మాట నొక్కి అడిగినాడు. ఒక్క తిట్టు తిట్టింటే నేను బతికిపోయేవాణ్ణి. కడుపు నిండా తిని, నోరు మూసుకొని వచ్చేసినాను. మళ్ళీ ఎండకాలం చూడకుండానే పోయినాడు ఆయన. ఆ ఏటి నుంచి నేను ఈ చేన్లో రాగి ఒక్కటే. కోసిన పొద్దు పుల్ల నాటుతాను, గడ్డి కడతాను. మంద వచ్చి పోతే గదా పీకేది? రాదు. పుల్ల అట్లే ఎండకు ఎండి, వానకు మెత్తబడి, చెదలు పట్టి, దానంతట అదే పడిపోతుంది. నేను మళ్ళీ ఏటికి ఇంకోటి. ఆయన మనవడు యతీశ్ కంపెనీలో ఉండాడు, ఆ బస్సులోనే పోతాడు, గొర్రెలను ఎప్పుడో అమ్మేసినారు. నాకు తెలీదనుకుంటాడు మురళి. 'నాయనా, ఆయన లేడు, మంద లేదు, ఎవురి కోసరం పెట్టుకొని ఉండావు? ఊరంతా నవ్వుతా ఉండాది' అంటాడు. సోమవారం రోజాపూలోళ్ళను పిలుచుకొని వస్తాడంట, ఈ రెండెకరాలూ పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, పన్నెండు నెలలూ పూలు. మంచి పంటే. వాడి మీద నాకు కోపం లేదు. నా ఏలిముద్ర కావాల దానికి. నేనేమి చెప్తానంటే, అప్పా, పుల్ల ఉండాది, మంద వచ్చి పోనీ, ఆ మీద చూద్దాం. అంతే చెప్తాను. అరుస్తాడు. అరవనీ. నేను పోయినాక పీకేదానికి వాడి చెయ్యి పనికిరాదు, అదొకటి వానికి ఇంకా చెప్పలేదు.

రాసుకున్నావా? ఏమి రాసినావు, చదువు. 'వేరే కారణం', ఆ మీద? ఫోన్లో పట్టలేదా? ఎంత రాసినావు, పట్టకపోయేదానికి! కొండప్ప అని ఒక్క పేరు రాయమ్మా, అది పడుతుంది. పక్కన చిన్నమ్మ అని కూడా పెట్టు, అక్షరాలు మిగిలితే. ఫోటో ఏదీ, చూపీ. ఇదా నా చేను? ఎంత పెద్దగా కనపడతా ఉండాది, ఏమీ లేకపోయేసరికి. పుల్ల యాడ? ఈ గీతనా? ఇంత సన్నంగా పడిందే. ఈ ఏడాది గడ్డి తక్కువ కట్టినానేమో, చేతులు వణుకుతాయి, ముడి బిగిసి రాదు. ఇట్ల చూడు వినుతమ్మా, నీ బండి ఆ మిట్ట అవతల గదా పెట్టినావు? దావలో ఆ రెండు బండల నడుమకు పోయినాక ఒకతూరి నిలబడి వెనక్కి చూడు. నేనెక్కి ఆరేండ్లయింది ఆ మిట్ట. పుల్ల కనపడితే చెయ్యెత్తు, అంతే చాలు. కనపడకపోతే... పక్క చేను దావన పోవద్దు, కుక్క ఉండాది, కరుస్తుంది. గట్టు మీదనే పో. పో తల్లీ, పొద్దెక్కిపోయింది.